టర్బో ర్యాలీ కారు స్వయంగా నేర్చుకుందాం – 5వ పాఠం: లెక్కలోకి వచ్చిన గాలి ఎటు పోతోంది?

గత పాఠంలో టైమింగ్ బెల్టు పని పూర్తి చేశాం. మిత్సుబిషి 4జీ63 ఇంజనులో పెద్ద బెల్టు మార్చేటప్పుడు బ్యాలెన్స్ షాఫ్టు నడిపే చిన్న బెల్టును వదిలేయకూడదని, అది తెగి పెద్ద బెల్టులో చిక్కుకుంటే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను పాడవుతుందని చెప్పుకున్నాం. ఇక చాలామంది ఎదురుచూస్తున్నది బూస్ట్, అంటే టర్బో ఇంజనులోకి గాలిని తోసే అదనపు ఒత్తిడి, పెంచడం కోసమే. కానీ ఈ పాఠంలో బూస్ట్ జోలికి వెళ్లం. టర్బో ఇప్పుడు ఇస్తున్న గాలి మొత్తం సిలిండర్లలోకి చేరుతోందో లేదో మొదట తేల్చుకుంటాం. నా దృష్టిలో ఈ పరీక్ష చేయకుండా బూస్ట్ కంట్రోలరు బిగించడం ఇంజను మీద చేసే అన్యాయం. ఆ మాట ఎందుకంటున్నానో పాఠం పూర్తయ్యేసరికి మీకే అర్థమవుతుంది.

ఎప్పటిలాగే మన పాఠాలకు ఆధారం లాన్సర్ ఎవల్యూషన్, నాలుగో తరం నుంచి తొమ్మిదో తరం వరకు. 1996 నుంచి 1999 వరకు వరుసగా నాలుగుసార్లు టామీ మాకినెన్ ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయింది లాన్సర్లతోనే. 1,997 సీసీ, ఇనుప బ్లాకు, ఎదురుగా బంపరు వెనకే టర్బో అదిమిన వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్. ఆ ఇంటర్‌కూలర్ అలా ముందు నిలబడటం వల్ల చల్లటి గాలి బాగా తగులుతుంది, రాళ్లూ బాగానే తగులుతాయి. అందుకే ర్యాలీ కార్లకు ఈ పాఠం మరీ ముఖ్యం.

గేజీ చూసి మోసపోవద్దు

“గేజీలో బూస్ట్ ఎంత ఉండాలో అంతే చూపిస్తోంది, ఇక లీకు ఎక్కడిది?” అని చాలామంది అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ వేస్ట్‌గేట్, అంటే ఎగ్జాస్ట్ వాయువును టర్బోను తిప్పే చక్రం (టర్బైన్) పక్కనుంచి మళ్లించే తలుపు, ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకోండి. అనుకున్న ఒత్తిడి వచ్చేదాకా అది మూసుకునే ఉంటుంది. అంతవరకు ఎగ్జాస్ట్ వాయువు మొత్తం టర్బైన్ మీదే పడుతుంది. ఎక్కడో ఒక గొట్టం దగ్గర గాలి బయటికి పోతుంటే ఒత్తిడి ఆలస్యంగా పెరుగుతుంది కాబట్టి, ఆ లోటు పూడ్చేదాకా టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. లీకు చిన్నదైతే చివరికి గేజీ ముల్లు చేరాల్సిన చోటికే చేరుతుంది. దానికి టర్బో ఎంత కష్టపడిందో మాత్రం ముల్లు చెప్పదు.

ఆ కష్టం ఎంతో లెక్క వేద్దాం. గేజీలో 1.2 బార్ అంటే, సముద్ర మట్టం దగ్గర వాతావరణ ఒత్తిడి సుమారు 1 బార్ కలిపితే మొత్తం 2.2 బార్. అంటే టర్బోలో గాలిని అదిమే భాగం, కంప్రెసర్, గాలిని 2.2 రెట్లు అదుముతోంది. లోపలికి వచ్చే గాలి 30 డిగ్రీలు, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే బయటికి వచ్చే గాలి దాదాపు 140 డిగ్రీలు ఉంటుంది. అదే ఒత్తిడికి లీకయ్యే గాలిని కూడా కలిపి మోయాల్సి వచ్చి, కంప్రెసర్ తన మంచి పరిధి దాటిపోయి సామర్థ్యం 60 శాతానికి పడిపోతే, ఉష్ణోగ్రత 158 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. గేజీ ముల్లు ఒక్క గీత కూడా కదలలేదు, గాలి మాత్రం 18 డిగ్రీలు వేడెక్కింది. వేడి గాలి అంటే నాక్, అంటే సిలిండరులో మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం. 3వ పాఠంలో చూసిన విరిగిన పిస్టన్ రింగుల గట్లు గుర్తున్నాయి కదా, వాటికి దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. దీనిపై బూస్ట్ కంట్రోలరు కూడా పెట్టి ఇంకో 0.3 బార్ అడిగితే ఆ టర్బో ఏమవుతుందో ఊహించండి.

గాలి దారిలో మూడు భాగాలు

ఈ పాఠంలో గుండెకాయ ఇదే. నెమ్మదిగా చదవండి.

ఎవల్యూషన్‌లో ఎయిర్‌ఫ్లో మీటరు గాలి ఫిల్టరు దగ్గరే ఉంటుంది. గాలి దారిలో నిలిపిన చిన్న అడ్డు వెనుక లేచే సుడులను అది లెక్కపెడుతుంది, ఆ లెక్కనుబట్టి ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) పెట్రోలు పోస్తుంది. అంటే టర్బోకు ముందే గాలికి లెక్క పూర్తయింది. ఆ తర్వాత ఏ గాలి పోయినా, ఏ గాలి కొత్తగా దూరినా ఈసీయూకు తెలియదు. కాబట్టి లీకు ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి రోగం మారిపోతుంది.

మీటరు నుంచి టర్బో దాకా మొదటి భాగం. ఇక్కడ టర్బో గాలిని పీలుస్తుంది కాబట్టి గొట్టం చిరిగితే లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు తక్కువై మిశ్రమం లీన్ అవుతుంది. అంతకంటే నాకు భయం కలిగించేది దుమ్ము. మట్టి స్టేజీలో (ర్యాలీలో సమయం లెక్కించే రోడ్డు భాగంలో) ముందు కారు లేపిన దుమ్ము ఆ చిరుగులోంచి ఫిల్టరును తప్పించుకుని, నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతున్న కంప్రెసర్ రెక్కల మీదికి వెళ్తుంది. రెక్కల అంచులు అరిగి గుండ్రబడతాయి, మిగిలిన దుమ్ము సిలిండర్ గోడల్ని గీరుతుంది. ఈ నష్టాన్ని ఏ ట్యూనింగూ వెనక్కి తేలేదు.

టర్బో నుంచి థ్రాటిల్ (యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాకా రెండో భాగం. ఇంటర్‌కూలరు, దాని గొట్టాలు, థ్రాటిల్ మూసినప్పుడు మిగిలిన ఒత్తిడిని వదిలేసే బ్లో ఆఫ్ వాల్వు ఇక్కడే ఉంటాయి. లెక్కలోకి వచ్చిన గాలి ఇక్కడ బయటికి పోతుంది. లేని గాలికి కూడా పెట్రోలు పోస్తారు కాబట్టి మిశ్రమం రిచ్ అవుతుంది: నల్ల పొగ, పైవేగంలో తడబాటు, నల్లబారిన ప్లగ్గులు. బ్లో ఆఫ్ వాల్వును బయటి గాలిలోకి తెరిచేలా మార్చుకునేవారు తెలిసో తెలియకో ఇదే లీకును గేరు మార్చిన ప్రతిసారీ సృష్టిస్తున్నారు. ఆ శబ్దం మీద మోజు నాకు అర్థమవుతుంది. అయినా ఈ ఇంజనులో ఆ గాలిని తిరిగి టర్బో ముందుకే పంపే కంపెనీ అమరికను మార్చవద్దని గట్టిగా చెబుతాను.

థ్రాటిల్ నుంచి సిలిండర్ హెడ్ దాకా మూడో భాగం. దీనిది రెండు ముఖాల స్వభావం. ఐడిల్‌లో మానిఫోల్డ్‌లో (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో) శూన్యత ఉంటుంది, అప్పుడు లీకు గాలిని లోపలికి పీలుస్తుంది. ఐడిల్ ఊగుతుంది, ఆక్సిజన్ సెన్సర్ చెప్పినట్లు ఈసీయూ పెట్రోలు పెంచుతూ పోతుంది. బూస్ట్ వచ్చాక అదే కంత లోపలి గాలిని బయటికి తోస్తుంది, మిశ్రమం రిచ్ అవుతుంది. ఒకే కారు ఐడిల్‌లో లీన్, పూర్తి థ్రాటిల్‌లో రిచ్ చూపిస్తే మరో ఆలోచన లేకుండా మూడో భాగం వెతకండి.

గాలికి లెక్క ఎంత విలువైనదో చెప్పే ఒక సంగతి ర్యాలీ చరిత్రలోనే ఉంది. 1995లో ప్రపంచ ర్యాలీ కార్ల టర్బో ముందు 34 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ తప్పనిసరి. గాలంతా ఆ ఇరుకు దారిలోంచే రావాలి. ఆ ఏడాది కాటలున్యా ర్యాలీలో టొయోటా సెలికాల టర్బోలను విప్పినప్పుడు అసలు విషయం బయటపడింది. గొట్టం క్లిప్పు బిగించినప్పుడు రెస్ట్రిక్టర్ తన చోటు నుంచి కొద్దిగా జరిగి, దాని పక్కనుంచి గాలి దూరేలా అమర్చారు. క్లిప్పు విప్పగానే అన్నీ యథాస్థానానికి వచ్చి, తనిఖీకి అంతా సక్రమంగా కనిపించేది. జట్టును 12 నెలలు నిషేధించారు. కొద్ది మిల్లీమీటర్ల సందు ఒక ప్రపంచ స్థాయి జట్టు తలరాతను మార్చింది. మీ కారు గొట్టాల్లో కూడా అంతే సందు ఉండవచ్చు, అయితే అది మీకు వ్యతిరేకంగా పనిచేస్తుంది.

పరికరం

దుకాణంలో ఖరీదైనవి దొరుకుతాయి, అవసరం లేదు. టర్బో ముఖానికి బిగించిన గొట్టం విప్పి, ఆ ముఖం బయటి వ్యాసం కొలవండి. దానికి సరిపోయే గట్టి రబ్బరు లేదా సిలికాన్ కప్లింగ్ ముక్క, దాని రెండో చివర మూయడానికి మందమైన పీవీసీ ఎండ్ క్యాప్, క్యాప్ మధ్యలో రంధ్రం చేసి బిగించిన ట్యూబ్‌లెస్ టైరు వాల్వు, మంచి క్లిప్పులు రెండు. ఇంతే. గాలి కంప్రెసరుకు రెగ్యులేటరు మాత్రం తప్పక ఉండాలి. ట్యాంకులోని పూర్తి ఒత్తిడి నేరుగా వదిలితే క్యాప్ ఊడి ఎగురుతుంది, ఎదురుగా ముఖం ఉంటే కన్ను పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు పెట్టుకోండి, క్యాప్‌కు ఎదురుగా నిలబడకండి, పక్కన మరొకరు ఉంటే మంచిది.

పరీక్ష

ఇంజను చల్లగా ఉండాలి. ఆయిల్ మూత విప్పి ఉంచండి. పీసీవీ వాల్వు (క్రాంక్‌కేసులోని ఆవిరిని మానిఫోల్డ్‌లోకి పంపే వాల్వు) లీకైతే గాలి క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజను కింది భాగంలోకి వెళ్తుంది, మూత బిగించి ఉంటే ఆ ఒత్తిడి ఆయిల్ సీళ్లను బయటికి తోస్తుంది.

రెగ్యులేటరు 0.3 బార్ దగ్గర పెట్టి గాలి వదలండి. మొదట చెవులకు పని చెప్పండి. పెద్ద లీకులు ఈ దశలోనే “స్‌స్” మంటాయి. తర్వాత 0.7, ఆపై కారుకు కంపెనీ పెట్టిన బూస్ట్ దాకా, ఎవల్యూషన్ 8లో అది సుమారు 1.3 బార్, అంతకు మించి వద్దు. కొన్ని కప్లింగులు తక్కువ ఒత్తిడిలో గట్టిగా పట్టుకుని 1 బార్ దాటాకే పెదవి విప్పుతాయి. తక్కువ ఒత్తిడితో చేసే పొగ పరీక్షను మాత్రమే నేను నమ్మకపోవడానికి కారణం అదే. గాలిని ఎక్కువసేపు పట్టి ఉంచకండి, వినండి, చూడండి, వదిలేయండి.

ఇప్పుడు సబ్బు నీళ్లు చల్లండి. పంక్చర్ దుకాణంలో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచినప్పుడు బుడగలు ఎక్కడ లేస్తాయో చూసినట్లే ఇక్కడా చూడాలి. ప్రతి కప్లింగు కింది వైపు వేలితో తడమండి, పై వైపు బాగుండి కింద చిరిగి ఉండటం మామూలే. ఇంటర్‌కూలరు పక్క ట్యాంకుల వెల్డింగు గీత వెంట, బ్లో ఆఫ్ వాల్వు గాస్కెట్టు దగ్గర, ఇంజెక్టర్ల కింది రబ్బరు వలయాల చుట్టూ చల్లండి. వేడికి ఆ వలయాలు గట్టిపడి పగులుతాయి. చివరగా థ్రాటిల్ షాఫ్టు రెండు కొసలు. పాత 4జీ63 కార్లలో ఇక్కడ బుడగలు రాకపోతేనే ఆశ్చర్యం. సన్నటి నురుగు నెమ్మదిగా పేరుకుంటుంది, శబ్దమేమీ ఉండదు. దీనికి సీళ్ల కిట్టు దొరుకుతుంది, సగం రోజు పని.

బయట ఎక్కడా బుడగ లేదు, అయినా ఒత్తిడి నిలవడం లేదు అంటే ఆయిల్ మూత రంధ్రం దగ్గర చెవి పెట్టండి. అక్కడ గాలి గట్టిగా వస్తుంటే మొదట పీసీవీ వాల్వును అనుమానించండి. ఎగ్జాస్ట్‌లోంచి వస్తుంటే ఏదో ఒక సిలిండరులో వాల్వులు తెరిచి ఉన్నాయని అర్థం. క్రాంకును ఇంజను తిరిగే దిశలోనే కొద్దిగా తిప్పి మళ్లీ చూడండి.

మొదటి భాగం ఈ పరీక్షలో రాదు. దానికి మీటరు తీసేసి ఆ చోట క్యాప్ బిగించి, బ్రీదర్ గొట్టం (ఇంజనులోని ఆవిరిని గాలి పైపులోకి తెచ్చే గొట్టం) విప్పి దాని ముక్కును మూసి, 0.2 బార్‌తో మాత్రమే చేయాలి. మీటరులోకి ఎన్నడూ గాలి ఒత్తిడి పెట్టవద్దు.

గాలి పైపులతో పాటు వేస్ట్‌గేట్‌కు వెళ్లే సన్న గొట్టాన్నీ వంచి చూడండి. ఇది చిరిగితే పరిస్థితి తలకిందులవుతుంది. ఒత్తిడి వచ్చిందన్న కబురు వేస్ట్‌గేట్‌కు అందదు, అది తెరుచుకోదు, బూస్ట్ అదుపు తప్పి పెరుగుతుంది. రూపాయల్లో దొరికే గొట్టం, దాన్ని పాతబడనివ్వకండి.

దొరికిన లీకు మూశాక

కప్లింగు లోపలి నూనె పొరను బ్రేక్ క్లీనరుతో పూర్తిగా తుడవండి, నూనె మీద సిలికాన్ జారుతుంది. పైపు చివర ఉబ్బెత్తు అంచు ఉందో లేదో చూసి, క్లిప్పు ఆ అంచు వెనుక కూర్చునేలా బిగించండి. జారిపోతోందని స్క్రూ క్లిప్పును మరీ బిగిస్తే దాని పళ్లు సిలికాన్‌ను కోస్తాయి. టీ-బోల్ట్ క్లాంపు మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీకన్నా ముందు ఎవరైనా ఈ కారును ట్యూన్ చేసి ఉంటే, అప్పటికే లీకు ఉండి ఉంటే, రిచ్ కనిపించిందని వాళ్లు పెట్రోలు తగ్గించి ఉంటారు. మీరు లీకు మూయగానే పోయే గాలి ఇంజనులోకి వస్తుంది, తగ్గించిన పెట్రోలు మాత్రం అలాగే ఉంటుంది. అంటే బాగుచేసిన రోజే కారు లీన్ అవుతుంది. అందుకే గాలి, ఇంధన నిష్పత్తిని చూపే వైడ్‌బ్యాండ్ మీటరు పెట్టుకుని, సగం థ్రాటిల్ నుంచి మెల్లగా పైకి వెళ్లండి. పెట్రోలుతో పూర్తి భారం మీద గాలి, ఇంధన నిష్పత్తి 11 నుంచి 11.5 దగ్గర ఉంటే నిశ్చింత. 12 దాటి పోతుంటే వెంటనే కాలు తీసేసి ట్యూనరు దగ్గరకు వెళ్లండి.

ఎవల్యూషన్ లేనివారికీ ఈ పరీక్ష పనికొస్తుంది. మన రోడ్ల మీద తిరిగే పోలో 1.2 టీఎస్‌ఐలో ఎయిర్‌ఫ్లో మీటరు ఉండదు, మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి ఈసీయూ గాలిని లెక్కిస్తుంది. కాబట్టి అక్కడ లీకైతే మిశ్రమం పెద్దగా చెడదు, టర్బో అలసట, లాగుడు తగ్గడం మాత్రమే కనిపిస్తాయి. టర్బో డీజిల్ కారైతే నల్ల పొగే చెప్పేస్తుంది.

అభ్యాసం

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భాగంగా జరిగిన మెక్సికో ర్యాలీలో స్టేజీలు 2,700 మీటర్లకు పైగా ఎక్కేవి. ఆ ఎత్తులో వాతావరణ ఒత్తిడి సుమారు 0.73 బార్. అక్కడ కూడా మానిఫోల్డ్‌లో మొత్తం 2.2 బార్ కావాలంటే కంప్రెసర్ గాలిని ఎన్ని రెట్లు అదమాలి? 70 శాతం సామర్థ్యమే ఉన్నా బయటికి వచ్చే గాలి 140 డిగ్రీల కన్నా ఎంత వేడెక్కుతుందో అంచనా వేసి రాసుకోండి.

6వ పాఠంలో జవాబుతో మొదలుపెట్టి వేస్ట్‌గేట్ యాక్చుయేటరు స్ప్రింగును కొలుద్దాం. దానికి చేతి పంపు, 0 నుంచి 2 బార్ దాకా చూపే చిన్న గేజీ, మీటరు పొడవు సన్న రబ్బరు గొట్టం సిద్ధం చేసుకోండి. ఈ పాఠంలోని పరీక్షలో మీ కారు 1 బార్ దగ్గర గాలిని నిలపలేకపోతే ఆ పాఠం మొదలుపెట్టకండి, ముందు లీకు వెతకండి.