శాఖా గ్రంథాలయంలో కావలసిన పుస్తకం దొరకాలంటే

మునిసిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఇచ్చే ఇంటిపన్ను రసీదును జాగ్రత్తగా చూస్తే, చాలావాటిలో గ్రంథాలయ పన్ను అనే పద్దు కనిపిస్తుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే ఈ సొమ్ము జిల్లాలోని శాఖా గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. కాబట్టి మీ ఊరి శాఖా గ్రంథాలయం పత్రికలు తిరగేసి వచ్చే చోటు మాత్రమే కాదు, మీరు ఇప్పటికే చందా కట్టిన చోటు కూడా.

ముందుగా మీకు దగ్గరలోని శాఖ ఎక్కడుందో తెలుసుకోవాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడిగితే శాఖా గ్రంథాలయాల, గ్రామీణ గ్రంథాలయాల, పుస్తక నిక్షిప్త కేంద్రాల (కొన్ని పుస్తకాలు ఉంచి పాఠకులకు ఇచ్చే చిన్న కేంద్రాల) వివరాలు చెబుతారు. చిన్న శాఖల్లో ఫోను ఉండకపోవచ్చు, ఉన్నా ఎత్తేవారు ఉండకపోవచ్చు, కాబట్టి నేరుగా వెళ్ళడమే మేలు. అయితే చాలా శాఖలను పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే తెరుస్తారు. వారపు సెలవు కూడా చాలాచోట్ల ఆదివారం కాక శుక్రవారం ఉంటుంది. మధ్యాహ్నం వెళ్ళి తాళం చూసి, గ్రంథాలయం మూతపడిందని అనుకోవద్దు. గోడ మీది వేళల బోర్డు చదివి మళ్ళీ వెళ్ళండి. ఉదయం తెరవగానే పేపర్ల కోసం వచ్చేవారితో, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో బల్లలు నిండిపోతాయి కనుక, గ్రంథపాలకుడితో తీరికగా మాట్లాడాలంటే ఆ రద్దీ తగ్గాక వెళ్ళడం మంచిది.

అక్కడే కూర్చుని చదువుకోవడానికి సభ్యత్వం అక్కరలేదు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం దరఖాస్తు నింపి, చిరునామా రుజువు జతచేసి, ధరావతు కట్టాలి. కొన్నిచోట్ల జామీను సంతకం కూడా అడుగుతారు. ధరావతు సభ్యత్వం వదులుకునేటప్పుడు తిరిగి వచ్చే సొమ్ము కనుక దాని రసీదును భద్రంగా దాచుకోండి.

ఇక పుస్తకం వెతకడం. చాలా శాఖల్లో పుస్తకాలు బీరువాల్లో ఉంటాయి, తాళాలు గ్రంథపాలకుడి దగ్గర ఉంటాయి. బీరువాల్లోని పుస్తకాలను సాధారణంగా డ్యూయీ దశాంశ పద్ధతిలో సర్దుతారు: మతం 200లలో, విజ్ఞానశాస్త్రం 500లలో, చరిత్ర, భూగోళం 900లలో వస్తాయి. తెలుగు సాహిత్యానికి ఈ పద్ధతిలో 894.827 అనే సంఖ్య ఉంది. దాని చివర 1 చేరిస్తే కవిత్వం, 2 చేరిస్తే నాటకం, 3 చేరిస్తే కథ, నవల. పుస్తకం వీపు మీద అంటించిన చీటీలో 894.8273 అనీ, దాని కింద రచయిత పేరులోని మొదటి అక్షరాలూ కనిపిస్తే, మీరు నవలల అరలోకి వచ్చారన్నమాట.

చిక్కంతా ఆ అక్షరాల దగ్గరే వస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి కొడవటిగంటి కుటుంబరావు పుస్తకాలను ఒకచోట ‘కొ’ కింద, మరోచోట ‘కు’ కింద పెడతారు. కలం పేర్లతో ఇబ్బంది ఇంకా ఎక్కువ: బుచ్చిబాబు రచనలు ‘బు’ కింద లేకపోతే, ఆయన అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు కనుక ‘శి’ కింద కూడా చూడాలి. అందుచేత పుస్తకం పేరు, రచయిత ఇంటిపేరు, కలం పేరు, విషయం ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. “సార్, మంచి పుస్తకమేదైనా ఉందా?” అని అడిగితే ఎదురుగా ఉన్నది చేతికిస్తారు, “తెలంగాణ సాయుధ పోరాటం మీద జ్ఞాపకాలేమైనా ఉన్నాయా అండీ?” అని అడిగితే లేచి బీరువా తెరుస్తారు. కార్డులో గానీ కంప్యూటరులో గానీ నమోదై ఉండి అరలో కనిపించని పుస్తకానికి, దాని పరిగ్రహణ సంఖ్య (గ్రంథాలయంలోకి వచ్చినప్పుడు రిజిస్టరులో ఆ పుస్తకానికి వేసే వరుస సంఖ్య) చెప్పి, ఎవరి దగ్గరైనా ఉందా, బైండింగుకు వెళ్ళిందా, జాబితా నుంచి తీసేశారా అని రిజిస్టరు చూడమనండి. నిజానికి చాలా పుస్తకాలు తప్పు అరలో ఉంటాయి, కాబట్టి పైఅర, కిందిఅర కూడా చూడనివ్వమని అడగండి.

మీ శాఖలో అసలే లేని పుస్తకం కోసం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో విచారించాలి. పాత ముద్రణలు, పాత పత్రికలు కావలసినవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1918లో నెలకొన్న వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం అక్కరకొస్తాయి. దూరం నుంచి వెళ్ళేవారు తమకు కావలసిన పత్రిక, సంవత్సరం, నెల ముందుగా తెలియజేస్తే, వెళ్ళిన రోజు వెతుకులాటతో గడిచిపోదు.

కొత్త పుస్తకాల కొనుగోలు ప్రధానంగా జిల్లా స్థాయిలోనే జరుగుతుంది కనుక, శాఖలో నోటిమాటగా అడిగి ఊరుకోవద్దు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, వెల రాసి, జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారి పేరిట అర్జీ ఇవ్వండి. మరో నలుగురు పాఠకుల సంతకాలు ఉంటే దానికి బరువు పెరుగుతుంది. మీ దగ్గర ఉంచుకునే నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుంటే, తర్వాత విచారించడానికి వెళ్ళినప్పుడు పనికొస్తుంది.