పాథాలజీ థీసిస్ చేద్దాం – 4వ భాగం: నెగెటివ్ అని రాసే ముందు

పోయిన భాగంలో ఎథిక్స్ కమిటీ అనుమతి దాకా వచ్చాం. ఇక బ్లాకుల (మైనంలో పొదిగిన కణజాలపు ముక్కల) గదిలోకి వెళ్దాం. ఉదాహరణ పాతదే: రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజన్ రిసెప్టర్, అంటే మనం రోజూ అనే ఈఆర్. కణితి కణాల కేంద్రకాల్లో అది ఉందో లేదో యాంటీబాడీతో స్టెయిన్ చేసి (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ) చూస్తాం: ఉంటే గోధుమ రంగు, లేకపోతే నీలం.

రిజిస్టరు నంబరు చూసి దొరికిన బ్లాకల్లా లాగేయకండి. ముందు పాత హెచ్ అండ్ ఈ (రోజూ వేసే మామూలు స్టెయిన్) స్లైడ్లు చూడండి. ఒక్కో కేసుకు చాలా బ్లాకులుంటాయి. కణితి నిండుగా ఉన్నదాని మీదికే చెయ్యి పోతుంది. నేనైతే కణితి పక్కన నాలుగు మామూలు డక్టులు (పాల నాళాలు) కూడా ఉన్న బ్లాకు తీసుకోమంటాను. ఎందుకో చెప్తాను.

కణజాలం చెడకుండా పట్టి ఉంచే ఫార్మలిన్‌లో ఎన్ని గంటలుందో రాసుకోండి; దీన్నే ఫిక్సేషన్ అంటాం. ఈఆర్‌కి 6 గంటలకు తగ్గకూడదు, 72 దాటకూడదు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం దాకా డబ్బాలో ఉండిపోయిన మాస్టెక్టమీలతో (మొత్తంగా తీసేసిన రొమ్ములతో) జాగ్రత్త. లెక్కకు 72 లోపే. కానీ కోయకుండా వదిలేస్తే ఫార్మలిన్ నడుమ దాకా దిగదు.

సెక్షన్ 3-4 మైక్రాన్లు. ఆల్బుమిన్ పూసిన స్లైడు వద్దు, యాంటిజెన్ రిట్రీవల్ (ఫార్మలిన్ కప్పేసిన యాంటిజెన్‌ని బఫర్‌లో వేడి చేసి బయటపెట్టడం) వేడికి ముక్క లేచిపోతుంది. పాలీ-ఎల్-లైసిన్ పూసినవో, చార్జ్‌డ్ స్లైడ్లో వాడండి. నంబరు పెన్సిల్‌తోనే రాయండి, మామూలు స్కెచ్ పెన్ను జైలీన్‌లో కడుక్కుపోతుంది. నెలల ముందే కోసి పెట్టుకోవద్దు. బ్లాకులో భద్రంగా ఉండే యాంటిజెన్ కోసిన సెక్షన్‌లో తగ్గుతూ పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నా మొదటి బ్యాచ్‌లో ఎనిమిది స్లైడ్లు. ఎనిమిదీ నెగెటివ్. మాస్టర్ చార్టులో (అన్ని కేసుల ఫలితాల పట్టికలో) ఎక్కించేశాను కూడా. మా మేడమ్ ఒక స్లైడు పెట్టి, కణితి వైపు చూడనే లేదు. పక్కనున్న మామూలు డక్టు మీద పాయింటర్ ఆపి, "ఇదెందుకు నీలంగా ఉంది?" అన్నారు. మామూలు డక్టుల్లో కొన్ని కేంద్రకాలైనా గోధుమ రంగు తేలాలి. నా స్లైడ్లో ఒక్కటీ లేదు. అంటే కణితి నెగెటివ్ కాదు, స్టెయినే పని చేయలేదు. పొదుపు చేద్దామని బ్యాచ్‌కి కంట్రోల్ స్లైడు కూడా పెట్టలేదు. వెతికితే తేలింది: పీహెచ్ 9 ఉండాల్సిన ట్రిస్-ఈడీటీఏ బఫర్ 7 దగ్గరుంది. మీటరు పెట్టకుండా కలిపింది నేనే. టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం దిగలేదు.

అందుకే ప్రతి బ్యాచ్‌లోనూ పాజిటివ్ అని తెలిసిన కణజాలం ఒకటి (గర్భాశయ ముఖద్వారం ముక్క బాగా పనికొస్తుంది), ప్రైమరీ యాంటీబాడీ (ఈఆర్‌ని పట్టుకునేది) వేయనిది ఇంకొకటి పెట్టండి. రెండోదానిలో గోధుమ రంగు వస్తే పెరాక్సైడ్ బ్లాక్ (కణజాలంలో సొంతంగా ఉండే ఎంజైమును ఆపే దశ) సరిగా పడలేదేమో చూడాలి. చూసే వరుస కూడా ఇదే: కంట్రోల్, మామూలు డక్టు, చివర కణితి. కంట్రోల్ బాగుండి డక్టు మాత్రం నీలంగా ఉంటే బ్యాచ్‌ని కాదు, ఆ బ్లాకు ఫిక్సేషన్‌ని అనుమానించండి. ఇంకో బ్లాకు తీసి మళ్ళీ చేయండి. కణితిలో కనీసం 1 శాతం కేంద్రకాలకు రంగు పడితే పాజిటివ్.

ఈ వారం పని: ఐదు కేసులు తీసి, మామూలు డక్టులున్న బ్లాకు నంబర్లు నోట్‌బుక్కులో రాయండి. డక్టులు లేని కేసుల పక్కన చుక్క పెట్టండి. వచ్చే భాగంలో లెక్కింపు ఆ చుక్కల దగ్గరే మొదలవుతుంది.