సొంత కుంటకు కట్ట ఉందా? వానలకు ముందే ఈ పనులు చూసుకోండి

పాలమూరు, నల్గొండ పల్లెల్లో సొంత భూమిలోని చిన్న వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసుకుని, బత్తాయి తోటకో కోళ్ల ఫారానికో నాలుగైదు ఇళ్ల వాడకానికో నీళ్లు నిలుపుకునేవారు చాలామంది ఉన్నారు. కట్ట ఎత్తు పది పన్నెండు అడుగులుంటే ఎక్కువ. చూడ్డానికి చిన్నది కాబట్టి దాన్ని ఎవరూ ఆనకట్ట అనుకోరు. తెగిన రోజున మాత్రం దిగువన ఉన్న గుడిసెలకు అది ఆనకట్టే.

2021లో వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం 15 మీటర్లు దాటిన వాటికి వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవి కొన్ని షరతుల మీద దాని పరిధిలోకి వస్తాయి. మన కుంట కట్టలు ఆ లెక్కలోకి రావు. అంటే ఏటా వచ్చి కట్ట ఎలా ఉందో చూసి రాసుకుపోయే అధికారి ఎవరూ ఉండరు. ఆ పని యజమానే చేయాలి.

మట్టికట్టలు ఎక్కువగా రెండు రకాలుగా తెగుతాయి. నీరు కట్ట మీదుగా పొర్లి వెనక వాలును కోసేయడం ఒకటి. కట్ట లోపల సన్నని దారి చేసుకుని, మట్టిని కొద్దికొద్దిగా మోసుకుపోతూ చివరకు గండి పెట్టడం రెండోది. మొదటి ప్రమాదాన్ని అలుగు, అంటే కుంట నిండాక మిగులు నీరు బయటికి పొర్లిపోయే దారి, కాస్తుంది. రెండోదాన్ని కాసేది రోజూ కట్ట మొదట్లో, అంటే వెనక వాలు నేలను తాకే చోట, నడిచే మనిషి.

ముందు అలుగు దగ్గరకు వెళ్లండి. ఫ్లోరైడ్ బాధ ఎరిగిన నేలలో కుంట నీటి విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే మరో అడుగు నీరు నిలుస్తుందని అలుగు మీద రాళ్లు పేరుస్తారు, ఇసుక బస్తాలు వేస్తారు, చేపలు జారిపోకుండా వల కడతారు. ఆ ఆశ అర్థమవుతుంది. కానీ సొంత కుంటల దగ్గర ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు మరొకటి లేదు. అలుగు మీద పెంచిన ప్రతి అడుగూ కట్టకున్న రక్షణలోంచి తీసేసిన అడుగే. వలకు కంప, ఆకులు, ప్లాస్టిక్ సంచులు చుట్టుకున్నాయంటే గంటలో అలుగు మూసుకుపోతుంది. మే నెలాఖరుకల్లా ఇవన్నీ తీసేయించండి. అలుగు కింది కాలువలో మొలిచిన తుమ్మను కొట్టించండి. పొర్లిన నీరు కట్ట మొదలును ఒరుసుకోకుండా దూరంగా పారేలా చూడండి.

అలుగు ఎంత మోయాలో ఒక్కసారి లెక్క వేసి చూస్తే భయం దానంతట అదే వస్తుంది. పైనున్న వంద ఎకరాల నీరు మీ కుంటలోకి దిగుతుందనుకోండి. 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ నేల మీద పడే నీరు నాలుగు కోట్ల లీటర్లు. సగం ఇంకిపోయినా, మిగిలింది 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు వేలు. కుంట అప్పటికే నిండి ఉంటే అదంతా అలుగు మీదుగానే పోవాలి.

కట్ట తల మట్టంగా ఉందో లేదో కంటికి తెలియదు. ట్రాక్టరు ఎక్కే చోట, పశువులు దిగే చోట జానెడు కుంగి ఉంటుంది. పొర్లడం మొదలయ్యేది అక్కడే. గోడలకు మట్టం చూసేటప్పుడు మేస్త్రీలు వాడే సన్నని పారదర్శక గొట్టం చాలు. దాన్ని నీళ్లతో నింపి, ఒక కొస అలుగు అంచు దగ్గర, రెండో కొస కట్ట మీద పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసుకుంటూ పోండి. పల్లంగా తేలిన చోట మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. అలుగు అంచుకూ కట్ట తలకూ మధ్య ఎక్కడైనా మీటరు కన్నా తక్కువ ఎత్తుంటే ఇంజనీరుకు చూపించండి.

నల్లరేగడి వాడిన కట్టలు ఎండాకాలంలో నెర్రెలు బారతాయి. కట్ట పొడవునా పారిన నెర్రె కన్నా, నీటి వైపు నుంచి వెనక వైపుకు అడ్డంగా పోయిన నెర్రె ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది నీటికి సిద్ధంగా ఉన్న దారి. పైన బురద పూసి మూసేస్తే లోపలి ఖాళీ అలాగే ఉంటుంది. నెర్రె అడుగు దాకా తవ్వి, తేమగా ఉన్న బంకమట్టిని జానెడు కన్నా మందం లేని పొరలుగా వేస్తూ దిమ్మిస వేయాలి. ఎలుకల బొరియలకు, పీతల కన్నాలకు, చెదపుట్టలకు కూడా ఇదే వైద్యం. నాగుల చవితికి పాలు పోసే పుట్టను తవ్వడానికి ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు. పెద్దవాళ్లతో మాట్లాడి, పూజ చేసుకునైనా ఆ పని పూర్తి చేయండి. కట్ట లోపల పుట్ట ఎంత దూరం పోయిందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు.

కట్ట మీది చిన్న మొక్కలను వేళ్లతో సహా పీకేయండి. పెద్ద చెట్టును మాత్రం వానల ముందు నరికి వదిలేయకండి, వేళ్లు కుళ్లిన చోటల్లా సొరంగం మిగులుతుంది. దాన్ని వేసవిలో, నీరు తగ్గాక, వేళ్లు తీసి గుంత పూడ్చే పనితో కలిపి పెట్టుకోవాలి.

కుంటలోంచి నీళ్లు వదిలే తూము తలుపును జూన్‌కు ముందే ఒకసారి పూర్తిగా ఎత్తి దించండి. తుప్పు పట్టి కదలని తలుపు వరద రోజున అసలు కదలదు. ఇక పైపుల సంగతి. జేసీబీతో కట్టను కోసి, పీవీసీ పైపు వేసి, మళ్లీ మట్టి కప్పేయడం ఇప్పుడు మామూలైపోయింది. పైపు పక్కన మట్టి సరిగ్గా కూరుకోదు, నీరు పైపు లోపల కాకుండా దాని వెంబడి బయట నడుస్తుంది. లోపలి కోతతో తెగిన కట్టల్లో చాలావాటికి మొదలు ఇక్కడే. దయచేసి వానల ముందు కట్టను కోయకండి. నీళ్లు కావాలంటే కట్ట మీదుగా సైఫన్ పైపు (ముందు నీళ్లతో నింపితే మోటారు లేకుండానే నీటిని కట్ట దాటించి కిందికి లాగేది) వేసుకోవచ్చు. అత్యవసరంలో కుంటను దించడానికీ అదే పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఊట. మట్టికట్ట అన్నాక వెనక వైపు కాస్త చెమ్మ ఉండడం సహజం. ఊట ఎంత వస్తోందన్న దానితో పాటు, అది మట్టిని తెస్తోందా అన్నది చూడాలి. ఊట కనిపించిన చోట చిన్న కాలువ తీసి, దాని చివర ఒక పైపు ముక్క పెట్టండి. దాని కింద 15 లీటర్ల బకెట్ ఉంచి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. అదే రోజు కుంటలో నీటిమట్టం ఎంతుందో రాసుకోండి. ఇందుకోసం తూము దగ్గర రాతి మీద అడుగులు, అంగుళాలు రంగుతో గీయించుకోవాలి. తర్వాత ఆ నీటినే తెల్లటి సీసాలో పట్టి, కదపకుండా రాత్రంతా ఉంచండి. తెల్లారి సీసా అడుగున వేలితో తీయగలిగినంత ఒండ్రు పేరుకుందంటే కట్ట లోపలి మట్టి బయటికి వస్తున్నట్టు లెక్క. నీటిమట్టం పెరగకుండా ఊట పెరిగినా, నిన్నటి దాకా తేటగా ఉన్న ఊట మబ్బుగా మారినా ఆ రోజే ఇంజనీరును పిలవాలి.

వానాకాలంలో వారానికోసారి, అలుగు పారుతున్నన్ని రోజులు ఉదయం సాయంత్రం ఈ లెక్క రాయాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. అలాంటి హెచ్చరిక వచ్చిందంటే వానకు ముందు ఒకసారి, ఆగాక ఒకసారి కట్ట మొదలంతా నడిచి చూడండి.

జూన్ మొదటి వానలకు హడావుడి పడి, సెప్టెంబరు వచ్చేసరికి మరిచిపోతుంటాం. నిజానికి కట్ట మీద ఒత్తిడి ఎక్కువయ్యేది కుంట నిండిన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. వనపర్తి జిల్లా సరళాసాగర్ మట్టికట్టకు గండి పడింది వానాకాలం దాటిపోయాక, 2019 డిసెంబరు 31న. చాలా ఏళ్ల తర్వాత నిండిన చెరువు అది. ఏళ్ల తరబడి ఎండిన కట్ట తొలిసారి నిండినప్పుడు దాని మీద మరింత కన్నుండాలి. అదే ఏడాది జూలై 2 రాత్రి మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో తివరే ఆనకట్ట తెగి ఇరవై మంది దాకా చనిపోయారు. కట్ట కారుతోందని ఊరివాళ్లు అంతకుముందే ఫిర్యాదు చేశారు. మీ కట్ట కింద పొలం చేసే రైతు వచ్చి ఊట పెరిగిందని చెబితే పని ఆపి వెళ్లి చూడండి.

నీటిమట్టం దించాల్సి వస్తే మామూలు రోజుల్లో రోజుకు అడుగు కన్నా ఎక్కువ దించకండి. తడిసిన లోపలి వాలు నీటి ఆసరా ఒక్కసారిగా పోతే జారిపోతుంది. గండి పడే సూచనలు కనిపిస్తే మాత్రం ఈ నియమం పట్టించుకోకుండా వీలైనంత వేగంగా దించాలి.

వెనక వైపు నీరు మట్టితో కలిసి బుడబుడమని ఉబుకుతుంటే దాని నోటికి బంకమట్టి కూరకండి. అక్కడ మూస్తే నీరు పక్కన మరో దారి చూసుకుంటుంది. ముందు దొడ్డు ఇసుక, దాని మీద కంకర పోయండి, నీరు వస్తుంది కానీ మట్టి ఆగుతుంది. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చండి. బస్తాలు, ఇసుక, కంకర మే నెలలోనే కట్ట దగ్గరికి చేరి ఉండాలి, వాన రాత్రి బురదలో ట్రాక్టరు రాదు. నీటి వైపు సుడి కనిపిస్తే అక్కడికి, తూము నోటి దగ్గరికి ఈతగాళ్లనైనా దింపవద్దు. ఆ లాగుడుకు మనిషి నిలవలేడు.

కట్ట కింద వాగు వెంబడి కనీసం రెండు మూడు కిలోమీటర్లు నడిచి, ఎవరెవరు ఉన్నారో రాసుకోండి. ఇటుక బట్టీ కూలీలు, గొర్రెల మంద దగ్గర పడుకునే కాపరులు, బోరు మోటార్ల కాపలావాళ్లు ఏ జాబితాలోనూ ఉండరు. వాళ్ల ఫోను నంబర్లు, సర్పంచ్, తహసీల్దార్, కరెంటు లైన్‌మన్ నంబర్లు ఒకే కాగితం మీద రాసి మోటారు గది తలుపుకు అంటించండి. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఆకస్మిక వరదకు చిన్న రైలు వంతెన కొట్టుకుపోయి, రైలు పడి వంద మందికి పైగా చనిపోయారు. అందుకే మీ వాగు మీద కల్వర్టో రైలు వంతెనో ఉంటే ఆ స్టేషన్ నంబరు కూడా అదే కాగితం మీద ఉండాలి. కట్ట నిలుస్తుందో లేదో అనుమానం వచ్చిన క్షణంలోనే ముందు కిందివాళ్లకు, వెంటనే 112కు ఫోను చేయండి. బస్తాల పని ఆ తర్వాత. రాత్రి కట్ట మీదికి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరు వెళ్లండి, ఒకరు వెనక వాలు కిందికి దిగితే రెండోవారు పైనే టార్చి పట్టుకుని ఉండాలి.