హెడ్ ఆపరేటర్ మానేస్తే మిల్లుకు ఎంత నష్టం? పనితనాన్ని రూపాయల్లో లెక్కగట్టే పద్ధతి

రైస్ మిల్లు ఖాతాల్లో ఊక ఒలిచే షెల్లర్‌కు విలువ ఉంటుంది, తవుడు తీసే పాలిషర్‌కు ఉంటుంది, గోనె సంచులకూ ఉంటుంది. ఏ ధాన్యానికి ఆ షెల్లర్‌ను ఎంత బిగించాలో తెలిసిన హెడ్ ఆపరేటర్ మాత్రం జీతాల పద్దులో ఒక ఖర్చుగానే కనిపిస్తాడు. అతని పనితనం విలువ తెలియాలంటే చూడాల్సింది నూకల తూకం: పనితనం తగ్గితే గింజ ఎక్కువ విరిగి నూక పెరుగుతుంది. అది ఎలా చూడాలో, ఆ లెక్కతో ఏ నిర్ణయం తీసుకోవాలో కింద వివరంగా ఉంది.

ముందే ఒక మాట. ఈ అంకె బ్యాలెన్స్ షీటులోకి వెళ్లేది కాదు. కంటికి కనిపించని ఆస్తుల లెక్కకు నియమాలు చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ 26 గానీ, పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 38 గానీ సిబ్బంది నైపుణ్యాన్ని ఆస్తిగా చూపడానికి సాధారణంగా ఒప్పుకోవు. మనిషి రేపు మానేస్తానంటే అతని పనితనం మీద సంస్థకు పట్టేమీ ఉండదు. శిక్షణకు పెట్టినది కూడా అదే ఏడాది ఖర్చులో పడుతుంది. కాబట్టి ఇది యజమాని బల్ల మీద ఉండాల్సిన కాగితం, ఆడిటర్‌కు ఇచ్చేది కాదు.

పనితనం ఎక్కడుందో ముందు పట్టుకోండి

'ఆయనకు అన్నీ తెలుసు' అంటే లెక్క కుదరదు. ఏయే నిర్ణయాలు ఆయన చేతిలో ఉన్నాయో రాయండి. మామూలుగా నాలుగైదే తేలతాయి: డ్రయ్యర్ ఎప్పుడు ఆపాలి, ఆరిన ధాన్యానికి ఎంతసేపు విశ్రాంతి ఇవ్వాలి, రబ్బరు రోళ్ల మధ్య సందు ఎంత ఉంచాలి, పాలిషర్‌లో ఒత్తిడి ఎంత, ఏ లాటును (ఒక విడతగా ఆడే ధాన్యం) ఏ లాటుతో కలపకూడదు.

రోళ్ల సంగతే చూడండి. రెండు రోళ్లు ఎదురెదురుగా, వేర్వేరు వేగంతో తిరుగుతాయి. ఆ వేగాల తేడాయే ఊకను ఒలుస్తుంది. సందు బిగిస్తే గింజ విరుగుతుంది, రబ్బరు త్వరగా అరుగుతుంది. వదులు చేస్తే ఒలవని వడ్లు సెపరేటర్ నుంచి మళ్లీ షెల్లర్‌కే వస్తాయి, గంటకు ఆడే ధాన్యం తగ్గుతుంది. చేయి తిరిగిన ఆపరేటర్ షెల్లర్ కింద గుప్పెడు పట్టి చూసి సందు సరిచేసే చక్రం అర చుట్టు తిప్పుతాడు. అదే గుప్పెట్లోంచి 100 గింజలు లెక్కబెడితే 10 నుంచి 15 దాకా ఒలవని వడ్లు కనిపిస్తాయి. ఆయన కన్ను కొలుస్తున్నది దాన్నే.

ప్రతి లాటుకూ ఒక షీటు

షీటులో ఉండాల్సినవి: ధాన్యం రకం, మిల్లులో పోసేటప్పటి తేమ, అప్పటి తూకం, వచ్చిన బియ్యం, నూక, తవుడు, సార్టెక్స్ (రంగు మారిన గింజలను ఏరే యంత్రం) తీసేసిన గింజలు, ఆడిన గంటలు, ఆ పూట ఆపరేటర్ ఎవరు.

ఇక్కడ అందరూ చేసే తప్పు కొనుగోలు చీటీలోని తూకాన్నే షీటులో వేయడం. 17 శాతం తేమతో కొన్న 100 కిలోల ధాన్యం 14 శాతానికి ఆరితే 96.5 కిలోలే మిగులుతుంది. ఆ మూడున్నర కిలోలు గాలిలో కలిసిన నీరు. చీటీ తూకం పెట్టుకుంటే ఆ నీరంతా ఆపరేటర్ నెత్తిన పడుతుంది. మిల్లులో పోసే చోట మళ్లీ తూయాల్సిందే.

ధాన్యం దోషాన్ని, మనిషి దోషాన్ని విడదీయాలి

మొత్తం పద్ధతికి ఇదే ఆయువుపట్టు. వానకు తడిసి పగుళ్లు వారిన ధాన్యం ఎవరు ఆడినా విరుగుతుంది. అందుకని మిల్లుకంతా కలిపి ఒకే ప్రామాణికం పెట్టకండి. ప్రతి లాటు ఆడే ముందు నాలుగైదు బస్తాల నుంచి తీసి కలిపిన శాంపిల్‌ను ల్యాబ్ షెల్లర్‌లో, చిన్న పాలిషర్‌లో ఆడించండి. అందులో వచ్చిన నూక శాతమే ఆ లాటుకు ప్రామాణికం. మిల్లులో వచ్చిన నూక శాతంలోంచి దీన్ని తీసేస్తే మిగిలే తేడాలోనే ఆపరేటర్ పనితనం కనిపిస్తుంది. శాతాలన్నీ ధాన్యం తూకం మీదే వేయండి. ఒకటి ధాన్యం మీద, ఇంకొకటి బియ్యం మీద వేస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు హెడ్ ఆపరేటర్ ఆడిన లాట్లు కనీసం 10, ఆయన సెలవులో ఉన్నప్పుడు వేరొకరు ఆడినవి కనీసం 10 తీసుకోండి. సగటు వేయకుండా తేడాలను వరసగా పేర్చి మధ్యలో ఉన్న అంకె తీసుకోవడం మంచిది. బేరింగు పోయిన ఒక్క రోజు సగటును పాడుచేస్తుంది. రోళ్లు కొత్తగా మార్చిన రోజు లాట్లను కూడా పక్కన పెట్టండి.

రూపాయల్లోకి మార్చడం

ఉదాహరణకు గంటకు 4 టన్నుల మిల్లు, రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు అనుకుందాం. రోజుకు 32 టన్నుల ధాన్యం. నూక ఒక్క శాతం పెరిగితే రోజుకు 3.2 క్వింటాళ్ల బియ్యం నూకగా మారినట్టు. బియ్యానికీ నూకకూ క్వింటాకు రూ.1,500 తేడా ఉంటే రోజుకు రూ.4,800, నెలకు రూ.1,20,000. ధరలు మీ బజారువి వేసుకోండి.

హెడ్ ఆపరేటర్ తేడా 2 శాతం, రెండో మనిషిది 3.5 శాతం అని తేలిందనుకోండి. కొత్తగా పగ్గాలు పట్టిన మనిషి ఒక్కసారిగా కుదురుకోడు. మొదటి నెల 1.5, రెండో నెల 1, మూడో నెల 0.5 శాతం అదనపు నూక వస్తే కలిపి 3. అంటే రూ.3,60,000. హెడ్ ఆపరేటర్ చెప్పకుండా మానేస్తే మిల్లు చెల్లించే మూల్యం ఇదే. సర్కారుకు మరపట్టి ఇచ్చే మిల్లులో ఇంకో కోణం ఉంది. క్వింటా ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాల్సిందే. తక్కువ వస్తే ఆ లోటు మిల్లరే పూడ్చాలి.

జీతాన్ని బట్టి విలువ కట్టే పద్ధతి ఒకటుంది. 1971లో అకౌంటింగ్ పరిశోధకులు లెవ్, ష్వార్ట్జ్ ప్రతిపాదించారు: ఉద్యోగి ముందుముందు సంపాదించే జీతాలను నేటి విలువకు తగ్గించి కూడతారు. మన దేశంలో బీహెచ్ఈఎల్, ఇన్ఫోసిస్ తమ వార్షిక నివేదికల్లో దీన్ని వాడాయి. మిల్లుకు ఇది పనికిరాదు. జీతం తక్కువ ఇచ్చే చోట పనితనం కూడా తక్కువని చెబుతుంది ఆ లెక్క.

ఎంత ఖర్చు పెట్టవచ్చు

ఒక మనిషిని రూ.15,000 జీతంతో 4 నెలలు హెడ్ ఆపరేటర్ పక్కన ఉంచితే రూ.60,000. దాంతో మూడు నెలల నష్టం 3 నుంచి 1 శాతానికి దిగితే మిగిలేది రూ.2,40,000. కానీ హెడ్ ఆపరేటర్ మానేస్తేనే ఈ మిగులు. ఈ ఏడాది మానేసే అవకాశం మూడింట ఒకటి అనుకుంటే మిగులు విలువ రూ.80,000, ఖర్చు పెట్టడం సబబు. అయిదింట ఒకటే అయితే రూ.48,000, కొత్త మనిషి గిట్టడు. అప్పుడు ఉన్న హెల్పర్‌కే నెలకు రూ.5,000 అదనంగా ఇచ్చి నేర్పించండి. నాలుగు నెలలకు రూ.20,000తో పోతుంది.

నేర్పించే తీరు

'నీకు తెలిసిందంతా రాయి' అంటే ఏమీ రాదు. చేతికి తెలిసినది నోటికి రాదు. దాని బదులు మార్పుల చిట్టా పెట్టండి. ఆపరేటర్ ఏ చక్రం తిప్పినా హెల్పర్ ఒక వరస రాయాలి: ఎప్పుడు, ఏం చూసి, ఏం మార్చారు, ఆ తర్వాత ఏమైంది. డ్రయ్యర్ దగ్గర పెద్దాయన, అంటే హెడ్ ఆపరేటర్, గింజ కొరికి చప్పుడు విని తేమ ఎంతో చెప్పాలి. ఆ అంకె రాశాకే మీటరు పెట్టాలి. నేర్చుకునేవాడూ ముందు కొరికి చెప్పాలి. నెల తిరిగేసరికి ముగ్గురి అంకెలు, అంటే పెద్దాయనవి, హెల్పర్‌వి, మీటరువి, ఎంత దగ్గరికొచ్చాయో కాగితం మీదే కనిపిస్తుంది.

చెడేది ఎక్కడ

చిట్టా చూపించి ఒక్కసారి జీతం కోశారంటే మర్నాటి నుంచి అందులో నిజం ఉండదు. నేర్పితే తన అవసరం తీరిపోతుందని పెద్దాయనకు భయం ఉంటుంది. అది న్యాయమైన భయమే. శిక్షణ మొదలుపెట్టే ముందే, శిష్యుడి తేడా తగ్గేకొద్దీ గురువుకు ఇంత అని రాసివ్వండి.

బోనస్ నూకల శాతం ఒక్కదానికే ముడిపెట్టకండి. పాలిష్ తగ్గిస్తే నూక తగ్గుతుంది, బోనస్ వస్తుంది, బియ్యం మాత్రం మసకగా ఉందని కొనేవాడు వెనక్కి పంపుతాడు. తవుడు శాతం కూడా షీటులో చూస్తే ఇది వెంటనే దొరుకుతుంది. తవుడు మామూలు కన్నా తగ్గి నూక కూడా తగ్గిందంటే అది పనితనం కాదు, తక్కువ పాలిష్.

ఖరీఫ్ కొత్త ధాన్యానికి, రబీ ధాన్యానికి లెక్కలు వేరువేరుగా ఉంచండి. రబీ కోతలు ఎండల్లో పడతాయి, గింజకు పగుళ్లు ఎక్కువ. షెల్లర్ మార్చినా, పాలిషర్ మార్చినా పాత పోలికలు కొట్టేసి మళ్లీ 10 లాట్ల నుంచి మొదలుపెట్టాలి.