మన జిల్లాలోనే వాటర్‌కలర్ బొమ్మల ప్రదర్శన పెట్టడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో బొమ్మలు వేసేవాళ్లకు కొదవ లేదు. డ్రాయింగ్ మాస్టార్లు, రిటైరైన ఉద్యోగులు, డిగ్రీ చదివే పిల్లలు... వేసినవన్నీ బీరువా మీద చుట్టలుగా పడుంటాయి. ఎగ్జిబిషన్ మాట ఎత్తితే "అదంతా హైదరాబాద్ వాళ్ల పని" అంటారు. నిజమే, మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ లాంటి హాలు జిల్లా కేంద్రంలో దొరకదు. కానీ చెరువులూ గుట్టలూ చెట్లూ గీసేవాళ్లకు సొంత జిల్లాలో ఒక లాభం ఉంది. పానగల్లు చెరువు కట్ట మీద రోజూ నడిచే పెద్దాయన మీ బొమ్మ ముందు ఆగి, "గుట్ట ఇంత దగ్గరగా కనబడదు కదా బిడ్డా" అని నిలదీస్తాడు. అట్లాంటి మనిషి మాదాపూర్‌లో దొరకడు. ఆయన వస్తాడనుకునే ఈ పనంతా మొదలుపెట్టాలి.

ముందు ఒక చోటు పట్టుకోండి

"ప్రకృతి" అని పేరు పెట్టుకుని కూర్చుంటే గోడ మీద ఒక సూర్యాస్తమయం, రెండు నెమళ్లు, ఎక్కడిదో తెలియని మంచుకొండ చేరతాయి. చూసేవాళ్లు "బాగుంది" అని ముందుకు నడుస్తారు. అంతకన్నా ఒక చెరువునో, ఒక గుట్టనో, ఒక చెట్టునో పట్టుకుని ఏడాది పొడుగునా గీయడం మంచిది.

చెరువే అనుకుందాం. మే నెలలో నెర్రెలు విచ్చిన అడుగు, మిగిలిన కాస్త మడుగులో కొంగలు. తొలి వానలకు వచ్చే ఎర్రనీళ్లు. సద్దుల బతుకమ్మ నాటికి నిండిన చెరువులో తేలిపోయే తంగేడు, గునుగు పూలు. జనవరిలో కట్ట కింద యాసంగి నాట్లు. ఎండలు ముదిరే ముందు గట్టున విరగబూసిన మోదుగు. ఇవన్నీ కట్ట మీద ఒకే రాయి పక్కన కూర్చుని గీశారనుకోండి, వరసగా చూస్తూ పోయే మనిషికి ఏడాది తిరిగినట్టే ఉంటుంది. చోటు మారనప్పుడే కాలం మారడం కనబడుతుంది.

చెరువు వద్దనుకుంటే కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ ఉంది. అక్కడున్నవి శ్రీశైలం జలాశయం వెనుక నీళ్లు. నిండినప్పుడు ఒక నది, వేసవిలో దిగినప్పుడు ఇంకో నది. దేవరకొండ ఖిల్లా గుట్టలున్నాయి, నల్లగొండ బత్తాయి తోటలున్నాయి. మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి ఉండనే ఉంది. ఆ ఊడలను గీయనివాళ్లు లేరు కాబట్టి వేరే పక్క నుంచి చూడాలి. 2017 చివర్లో పెద్ద కొమ్మ కూలింది. చెదలు పట్టిన ఆ మానుకు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, సూదులతో మందు ఎక్కించారు. వందల ఏళ్ల చెట్టుకు ఆస్పత్రిలో రోగిలా వైద్యం జరిగిందన్న సంగతి నాకైతే పచ్చటి ఆకులకన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

నల్లమల మీద మనసు పడితే ఒక జాగ్రత్త. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలికి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు ముందే అడిగి, వాళ్లు చెప్పిన సమయంలోనే పోవాలి. రంగునీళ్లు వాగులో పారబోయకుండా డబ్బాలో తిరిగి తెచ్చుకోండి.

మన ఎండలో రంగు ఎలా నిలబెట్టాలి?

వాటర్‌కలర్ పుస్తకాలు చాలావరకు చల్లటి దేశాల వాళ్లు రాసినవి. వాళ్లు "తడి ఆరేలోపు" అంటే వాళ్లకు పావుగంట ఉంటుంది. నల్లగొండ వేసవిలో బయట కూర్చుంటే ఆకాశం సగం వేసేసరికి పైభాగం ఆరిపోయి గీత పడిపోతుంది. పొద్దున తొమ్మిదిలోపే ముగించండి. కాగితాన్ని రెండు పక్కలా తడిపి ప్లాస్టిక్ బోర్డు మీద పరిస్తే ఇంకాస్త సేపు తడి నిలుస్తుంది. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూటికి నూరు పాళ్లు కాటన్‌ది కొనండి. ఖర్చే, కానీ ఇక్కడ పొదుపు చేస్తే తర్వాత ఎన్ని చేసినా కాగితం అలలు తేలుతుంది.

మన గుట్టల బండరాళ్లకు నల్లరంగు ట్యూబు ముట్టొద్దు. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు, అల్ట్రామెరీన్ బ్లూ కలిపితే వచ్చే బూడిదరంగు వేసి, బోర్డును కొంచెం వంచి వదిలేయండి. అల్ట్రామెరీన్ రేణువులు గరుకు కాగితం గుంటల్లోకి దిగి, ఆరాక రాయి మీది పొక్కులు వాటంతట అవే తేలతాయి. సియెన్నా కొంచెం ఎక్కువైతే పొద్దుటి బండ, బ్లూ ఎక్కువైతే నీడలోని బండ.

రంగు వెలిసిపోయే సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. బొమ్మ కొన్నవాళ్లు దాన్ని కిటికీ ఎదురుగానే తగిలిస్తారు. అలిజరిన్ క్రిమ్సన్ పాత రకం, మెరిసిపోయే ఒపేరా పింక్ లాంటివి వెలుతురుకు నిలవవు. మోదుగు పూల కోసం మీరు మోజుపడి కొన్న ఎరుపు ఎంతకాలం ఉంటుందో తెలియాలంటే ఒక పట్టీ మీద రంగులన్నీ పూసి, సగం నల్లకాగితంతో కప్పి, ఎండ పడే కిటికీకి రెండు మూడు నెలలు అంటించండి. తీసి చూస్తే ఏ రంగును నమ్మాలో తెలిసిపోతుంది.

ఎన్ని బొమ్మలు?

మొదటిసారి పెట్టేవాళ్లకు ఉన్నవన్నీ చూపించాలన్న ఆత్రం ఉంటుంది. గోడే లెక్క చెబుతుంది. పావు షీటు బొమ్మ 15 అంగుళాల వెడల్పు అనుకుందాం. రెండు పక్కలా రెండున్నర అంగుళాల మౌంటు (ఫ్రేము లోపల బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు), ముప్పావు అంగుళం ఫ్రేము కలిపితే 21.5 అంగుళాలు. మధ్యలో 8 అంగుళాల ఖాళీ వదిలితే 40 అడుగుల గోడకు సరిగ్గా 16 బొమ్మలు పడతాయి, ఆ చివరా ఈ చివరా ఇంకో 8 అంగుళాలు మిగులుతాయి. ఇంకో పది ఇరికించాలనిపిస్తుంది. ఇరికించొద్దు.

బొమ్మలు ఏరేటప్పుడు మీ ఇంట్లోవాళ్లను కాదు, ఆ చోటు తెలిసిన మనిషిని పిలవండి. చేపలు పట్టే అన్న "ఈ నెల్ల నీళ్లు ఇక్కడిదాక రావు" అంటే, రంగు ఎంత బాగా కుదిరినా ఆ బొమ్మ పక్కకు పెట్టేయడమే.

ఫ్రేము దగ్గర కక్కుర్తి పడొద్దు

బొమ్మ ఎంత బాగున్నా ఇక్కడే పాడవుతుంది. పెళ్లి ఫొటోలు, దేవుడి పటాలు కట్టే షాపులో ఇస్తే బొమ్మను నేరుగా అట్టకు ఫెవికాల్‌తో అంటించి, పైన గ్లాసు ఆనించి మేకులు కొట్టేస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఫొటోలకు అదే పద్ధతి. వాటర్‌కలర్‌కు అది పనికిరాదు. వానాకాలం గాలిలోని తేమ గ్లాసు లోపలి వైపు పట్టి, ఆనుకున్న చోట రంగు గ్లాసుకు అంటుకుంటుంది, బూజు పడుతుంది. అందుకే గ్లాసుకూ బొమ్మకూ మధ్య ఎడం ఉండాలి. ఆ ఎడం కోసమే మౌంటు, అందం దాని తర్వాత.

షాపతనికి మూడు మాటలు గట్టిగా చెప్పండి. మౌంటు బోర్డు యాసిడ్ లేనిదే కావాలి. మామూలు అట్టలోని ఆమ్లం కొన్నేళ్లకు బొమ్మ అంచుల్ని పసుపురంగులోకి తిప్పేస్తుంది. బొమ్మను మొత్తంగా అంటించకూడదు, పైఅంచున రెండు చోట్ల మాత్రమే పల్చటి కాగితం పట్టీలతో, గోధుమపిండి గంజితో వేలాడదీయాలి. అప్పుడు తేమకు కాగితం సాగినా, ముడుచుకున్నా దానికి చోటుంటుంది. సెల్లో టేపు అసలే వద్దు. ఆయన "ఎందుకు సార్ ఇంత చాదస్తం" అంటే మొదటి బొమ్మ పక్కన నిలబడి మీరే చేసి చూపించండి, మిగతావి ఆయన మీకన్నా నీట్‌గా చేస్తాడు.

మౌంటు తెలుపో, మీగడరంగో చాలు. బంగారు నగిషీల ఫ్రేమ్ మన బండలకూ తాటిచెట్లకూ నప్పదు, సన్నటి టేకు పట్టీ సరిపోతుంది. బొమ్మలన్నీ ఒకే సైజులో వేసుకుంటే వచ్చే ప్రదర్శనకు అవే ఫ్రేములు మళ్లీ వాడుకోవచ్చు.

హాలు, తేదీ

జిల్లా కేంద్ర గ్రంథాలయం, డిగ్రీ కాలేజీ సెమినార్ హాలు, యూనివర్సిటీ లైబ్రరీ వరండా... ఇట్లాంటి చోట్లే అడగాలి. ఫంక్షన్ హాలు జోలికి పోకండి, ముహూర్తాలుంటే అద్దె చుక్కల్లో ఉంటుంది. నవంబర్ నుంచి జనవరి వరకు మంచి సమయం, సంక్రాంతి వారం వదిలేసి. ఫిబ్రవరి, మార్చి వస్తే కాలేజీలకు పరీక్షల టెన్షన్. రెండు నెలల ముందే దరఖాస్తు రాసి ఇచ్చి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి కాపలా ఎవరు, గోడకు మేకు కొట్టనిస్తారా అన్నవి కాగితం మీదే అడగండి.

మేకు కొట్టనివ్వరు, ఖాయం. టెంట్ హౌస్‌లో ఇనుప ఫ్రేములు అద్దెకు తీసుకుని తెల్లటి కాడా గుడ్డ బిగుతుగా కట్టించండి. పైన అడ్డ పైపుకు ఎస్ హుక్కులు, వాటి నుంచి గట్టి నైలాన్ తీగ. బొమ్మ మధ్యభాగం నేల నుంచి దాదాపు 58 అంగుళాల ఎత్తులో ఉండాలి. బడిపిల్లలు వస్తారంటే ఇంకో నాలుగు అంగుళాలు దించండి, పెద్దవాళ్లు కాస్త వంగుతారు, ఏమీ కాదు.

హాళ్లలోని పాలతెలుపు ట్యూబ్‌లైట్ల కింద ఎర్రమట్టి చల్కలు కూడా నీలంగా, జ్వరం వచ్చినట్టు కనబడతాయి. మరీ తెలుపూ మరీ పసుపూ కాని 4000 కెల్విన్ ఎల్‌ఈడీ బల్బులు పైనుంచి ఏటవాలుగా పడేలా పెట్టించండి. తర్వాత ప్రతి బొమ్మ ముందూ నిలబడి చూడండి. గ్లాసులో మీ మొహమో, ఎదుటి కిటికీయో కనబడితే ఆ కిటికీకి తెర కట్టాలి.

ప్రారంభం రోజు

ఫ్లెక్సీ ఒక్కటి చాలు, దాని మీద నాయకుల ఫొటోల కన్నా మీ బొమ్మ పెద్దగా ఉంటే మంచిది. ముఖ్య అతిథిని పిలవక తప్పదు, పిలవండి. అయితే ఆయన పదింటికి అంటే పన్నెండవుతుంది, కాబట్టి జనాన్ని తొమ్మిదిన్నర నుంచే లోపలికి వదిలేయండి. రిబ్బన్ ఏదో ఒక మూల కట్టి ఉంచితే చాలు, శాలువాలూ అక్కడే.

బొమ్మ కింద చీటీ తెలుగులో రాయండి. "నిశ్శబ్దం – 3" లాంటి పేర్లు వద్దు. "పానగల్లు చెరువు, మే నెల, పొద్దున ఏడు" అని రాస్తే మాట కలుస్తుంది. వచ్చినవాళ్ల అభిప్రాయాల పుస్తకంలో అందరూ "చాలా బాగుంది" అని సంతకం పెట్టి పోతారు. దాని పక్కనే ఇంకో నోట్‌బుక్ పెట్టి, "ఈ చోటు మీకు తెలుసా? ఇక్కడ ఇంకేం ఉండేది?" అని పైన రాయండి. ఎండిపోయిన ఊటబావి, కొట్టేసిన చింతచెట్టు, మత్తడి దుంకిన ఏడాది... వచ్చే ఏడు గీయాల్సినవన్నీ అందులో చేరతాయి. మధ్యాహ్నం పూట జనం పల్చగా ఉన్నప్పుడు ఒక మూల కూర్చుని బొమ్మ వేస్తూ ఉండండి, బడిపిల్లలు అక్కడే గుమిగూడతారు.

ధర చెప్పడం

మొహమాటం వద్దు. చదరపు అంగుళానికి ఇంత అని ఒక లెక్క పెట్టుకుని, దానికి ఫ్రేము ఖర్చు విడిగా కలిపి, ధరల కాగితం అచ్చు వేసి టేబుల్ మీద పెట్టండి. బంధువులకో రేటు, బయటివాళ్లకో రేటు అంటే మన ఊళ్లలో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. తక్కువలో కావాలన్నవాళ్లకు చిన్న స్కెచ్‌లు ఫ్రేము లేకుండా, మౌంటు మాత్రం వేసి ఉంచండి. అమ్ముడైన బొమ్మకు ఎర్రచుక్క అంటించి, ప్రదర్శన ముగిసేదాకా గోడ మీదే ఉంచాలి. బిల్లు మీద ఒక వాక్యం రాయండి: బొమ్మ కొన్నవారిది, కాపీరైట్ చిత్రకారుడిది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా రాసిస్తే తప్ప, బొమ్మ అమ్మినంత మాత్రాన దాన్ని క్యాలెండర్‌గా అచ్చువేసుకునే హక్కు కొన్నవాళ్లకు రాదు.

మిగిలిన బొమ్మలను చుట్ట చుట్టి మళ్లీ బీరువా ఎక్కించొద్దు. యాసిడ్ లేని కాగితం మధ్యమధ్యలో పెట్టి, బల్లపరుపుగా, వాన గోడకు దూరంగా ఉన్న సొరుగులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వానాకాలంలో నెలకోసారి తీసి, ఫ్యాను గాలికి కాసేపు ఆరబెట్టి, పొట్లాలు మార్చి పెట్టాలి.