ఆగిపోయిన కుట్టుపనికి రంగు – 3వ పాఠం: రేకు కోద్దాం, రంగు అద్దుదాం

సగంలో ఆగిన కుట్టు బట్టను గోడకు తగిలించి, రెండు రోజులు వస్తూ పోతూ చూడమని పోయిన పాఠం చివర చెప్పాను. చూసే ఉంటారు. నా బట్ట మీది మామిడిచెట్టు బొమ్మలో నా కంటికి ముందు తగిలింది కుట్టని ఆకులు కాదు, బొమ్మ దించినప్పుడు పడి, ఎన్నిసార్లు ఉతికినా పోని కార్బన్ గీతలు.

ఈ పాఠంతోనే మొదలుపెడుతున్నవాళ్ల కోసం: నాది మీగడ రంగు కేస్‌మెంట్ అనే నూలు బట్ట, 18 అంగుళాల వెడల్పు, 24 పొడవు. ఒక చెట్టు, కొమ్మ మీద రెండు చిలుకలు. ఒక చిలుక, 37 ఆకులు కుట్టేసరికి పచ్చ దారం అయిపోయింది. అదే నంబరు లచ్చి మళ్లీ తెచ్చాను. పక్కన పెట్టి చూస్తే పిసరంత తేడా. ఆ పిసరు కోసం ఆరేళ్లు బీరువాలో పడేశాను.

కుట్టని ఆకుల్ని కుట్టినట్టే కనిపించేలా రంగుతో నింపాలని చూడకండి. నేను ఒక ఆకు మీద ఆ తిప్పలూ పడ్డాను. సన్న బ్రష్‌తో ఒక్కో పోగూ గీసినట్టు గీశాను. గుమ్మంలో నిలబడి చూసినా అది దొంగ ఆకని తెలిసిపోయింది. దారం ఉబ్బెత్తుగా ఉంటుంది, వెలుగు పడితే మెరుస్తుంది. రంగు చదునుగా, కళ లేకుండా ఉంటుంది. ఆ తేడాను దాచలేం కాబట్టి వాడుకుందాం: కుట్టినవి ముందు కొమ్మలు, రంగువి వెనక కొమ్మలు. వెనక ఆకులు కాస్త మాసినట్టు ఉంటేనే కుదురుతుంది. అందుకే పచ్చ ఫాబ్రిక్ రంగులో కొద్దిగా గోధుమ రంగు కలపండి. డబ్బాలోంచి తీసిన పచ్చ అలాగే వేస్తే కుట్టిన ఆకులు వెలవెలబోతాయి.

ఇక రేకు, అంటే బొమ్మ ఆకారంలో కన్నం కోసిన షీటు. స్టెన్సిల్ అని పేరేగానీ మనకిది కొత్త కాదు. సంక్రాంతి ముందు బండ్ల మీద అమ్మే చిల్లుల ముగ్గు పళ్లేలూ ఇవే. మనకు కావలసింది పల్చటి, అవతలివైపు కనిపించే ప్లాస్టిక్ షీటు. జిరాక్స్ షాపులో బైండింగ్‌కి వేసే షీటు చాలు. అట్ట వద్దు. నాలుగు అద్దకాలకే మెత్తబడుతుంది, పైగా కింద కుట్టు ఎక్కడుందో కనబడదు. షీటు మీద బొమ్మను మార్కర్‌తో గీసి, కింద మందపాటి అట్ట పెట్టి, కొత్త బ్లేడు వేసిన పేపర్ కట్టర్‌తో కోయండి. వంపు వచ్చినచోట బ్లేడు తిప్పకండి, షీటు తిప్పండి. ఆకులకు మూడు సైజులు చాలు. కుడివైపు వాలిన ఆకును తిరగేస్తే ఎడమవైపుది వచ్చేస్తుంది. కాకపోతే తిరగేసే ముందు రేకు కడిగి తుడవాలి, లేకపోతే పైన అంటిన రంగంతా బట్టకు దిగుతుంది.

ఆకుల్లాంటివాటితో పేచీ లేదు. మధ్యలో ఖాళీ ఉండే బొమ్మలతోనే తంటా. బట్ట మీద పేరు వేయాలనుకునేవాళ్లు సున్న కోసి చూడండి. చుట్టూ కోయగానే లోపలి బిళ్ల ఊడి చేతిలోకి వస్తుంది. అద్దితే సున్న కాస్తా బొట్టయి కూర్చుంటుంది. లోపలి బిళ్ల నిలవాలంటే దాన్ని బయటి షీటుతో కలుపుతూ రెండు సన్న పట్టీలు కోయకుండా వదలాలి. అద్దాక ఆ పట్టీలున్నచోట రంగు పడదు. కావాలంటే తర్వాత బ్రష్ మొనతో పూడ్చుకోవచ్చు, నేను పూడ్చను. జపాన్‌లో కటగామి అనే కాగితపు రేకులు చేసేవాళ్లకూ ఈ తంటా ఉంది. పచ్చి పెర్సిమన్ కాయల రసంతో కాగితాలను పొరలుగా అతికి రేకు చేస్తారు. బిళ్లలు కదలకుండా రెండు పొరల మధ్య సన్నటి పట్టుదారాలు పరిచి అతికించడం అక్కడి పాత పద్ధతి. మన పట్టీలకు ఆ నాజూకు రాదు, కానీ పని జరిగిపోతుంది.

అసలు పని అద్దడం. పూయడం కాదని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే బ్రష్ పట్టగానే చెయ్యి దానంతటదే అటూ ఇటూ పోతుంది. అలా పోతే రంగు రేకు అంచు కిందికి దూరుతుంది. గిన్నెలు తోమే కొత్త స్పాంజిని రెండంగుళాల ముక్కగా కోసి, మూల మాత్రం రంగులో ముంచండి. పాత న్యూస్‌పేపర్ మీద పది పన్నెండుసార్లు అద్ది, ఇంకేమీ అంటడం లేదేమో అనిపించాక బట్ట మీదికి రండి. నిలువుగా, తేలిగ్గా, టకటకా అద్దాలి. మొదటిసారి అద్దితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, ఫరవాలేదు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ అద్దండి. మూడోసారికి నిండుతుంది. రంగులో నీళ్లు కలపొద్దు. నీరు ఎక్కువైతే రంగు నూలుపోగుల వెంట పాకుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో ఈ పాకుడుకు విరుగుడుగానే బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. పాలలో కొవ్వు రంగును ఉన్నచోటే ఆపుతుంది. మనకు అంత తతంగం అక్కర్లేదు, ఫాబ్రిక్ రంగు చిక్కగా ఉంటే చాలు.

కుట్టు పక్కన అద్దేటప్పుడు జాగ్రత్త. దారం ఉబ్బి ఉంటుంది కాబట్టి రేకు అక్కడ బట్టకు ఆనదు, కింద సందు వస్తుంది. ఆ సందులోంచి రంగు పోయి, మొదటి చిలుక తోకలో రెండు గొలుసు కుట్లు నాకు పచ్చబడ్డాయి. కంగారుగా తడిగుడ్డతో తుడిచాను. రెండు కాస్తా ఆరయ్యాయి. మీకు అలా జరిగితే ముట్టుకోకండి. పూర్తిగా ఆరనిచ్చి, పాడైన కుట్లు మాత్రం విప్పి మళ్లీ కుట్టుకోండి. అసలు జరగకుండా ఉండాలంటే కుట్టుకు పావు అంగుళం దూరంలోనే రేకు ఆపేసి, ఆ కాస్త జాగా వదిలేయండి. వెలుగు తగిలిన అంచులా ఉంటుంది.

రెండో చిలుక సంగతి. దాన్ని రంగుతో నింపితే మళ్లీ దొంగ ఆకు కథే. అందుకని తిరగేసి ఆలోచించాను. రేకులోంచి ఊడిన చిలుక ముక్కనే బట్ట మీద పెట్టి, దాని చుట్టూ ఆకులు అద్దాను. ముక్క తీస్తే ఆకుల మధ్య మీగడ రంగు చిలుక, బట్టే చిలుక. కార్బన్ గీత? ముక్కను గీతకు ఒక నూలుపోగంత లోపలికి కోశాను, గీత మొత్తం ఆకుల రంగు కిందికి పోయింది. ముక్క జారకుండా వెనక మాస్కింగ్ టేపును ఉండలా చుట్టి అంటించాలి. కన్ను మాత్రం ఇంకా పెట్టలేదు. అది దారంతోనే పెట్టాలని ఉంది.

అద్దడం అయ్యాక 24 గంటలు నీడలో ఆరనివ్వండి. తర్వాత రంగు బట్టకు పట్టి నిలిచేలా, బట్ట తిరగేసి, వెనకవైపు నుంచి ఇస్త్రీ. ఆవిరి వద్దు, ఒకేచోట ఆపొద్దు. సాధారణంగా 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది, మీ డబ్బా మీద వేరేగా రాసుంటే అదే పాటించండి. జరీ దారమో సింథటిక్ దారమో ఉంటే వేడి బాగా తగ్గించి, మీద నూలు గుడ్డ వేసి చేయండి. కనీసం మూడు రోజులు ఉతకొద్దు.

వచ్చే పాఠంలో రంగు మీద కుట్టు. రంగు పట్టిన బట్టలో సూది గట్టిగా దిగుతుంది, ఏ సూది, ఎన్ని పోగులు అన్నది అప్పుడు. ఈలోగా చిన్న గుడ్డముక్క మీద ఒకే ఆకును పదిసార్లు అద్ది, ఎన్నోసారికి అంచు శుభ్రంగా వచ్చిందో పక్కన పెన్సిల్‌తో రాసి ఉంచండి. ఆ ముక్క పారేయకండి, సూదిని ముందు దాని మీదే పరీక్షిస్తాం.