వడ్లు దిగకముందే మిల్లు విప్పి చూసుకోండి

దసరా దాటిందంటే మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. సాగర్ ఎడమ కాలువ కింద హార్వెస్టర్లు ఒక్కసారే పొలాల్లోకి దిగుతాయి కాబట్టి, పచ్చి వడ్లు కూడా ఒక్కసారే మీద పడతాయి. ఆ రోజుల్లో బేరింగ్ పోయిందని ఫోన్ చేస్తే మెకానిక్ దొరకడు. అన్ని మిల్లుల వాళ్లకూ అప్పుడే అతను కావాలి.

చాలా మిల్లుల్లో లోడ్లు ఒప్పుకునేది గుమాస్తా, మెషిన్లు చూసుకునేది డ్రైవర్. రేపు సాయంత్రానికి బియ్యం ఎత్తుతామని గుమాస్తా పార్టీకి మాట ఇచ్చేస్తాడు. షెల్లర్ (వడ్ల పొట్టు తీసే మెషిన్) రోలర్లు రేపే మార్చాలని డ్రైవర్ అనుకొని ఉంటాడు. చివరికి రోలర్ల పనే వాయిదా పడుతుంది. అందుకే సీజన్ మొదలయ్యేలోపే ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే బోర్డు పెట్టించండి. రోలర్ల మార్పు, జల్లెడల మార్పు, గ్రీజు పని కూడా లోడ్ల వరుసలోనే రాయాలి: ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరు చేస్తారు. ఆ గంటలు పోగా మిగిలిన వాటికే లోడ్లు ఒప్పుకోవాలి.

ఏ మెషిన్ ఆగితే ఎంత నష్టమో కూడా ముందే తేల్చుకోండి. పచ్చి వడ్లు కుప్పగా ఉండిపోతే లోపల వేడెక్కి, బియ్యం పసుపు తిరుగుతాయి. ఆరిన వడ్లు నెలల తరబడి ఆగుతాయి. అంటే రద్దీలో షెల్లర్, పాలిషర్ ఒక పూట ఆగినా తట్టుకోవచ్చు గానీ డ్రయ్యర్ ఆగకూడదు. ఖరీదైనవి కదా అని అందరి కళ్లూ పాలిషర్, సార్టెక్స్ (రంగు మారిన గింజల్ని ఏరేసే మెషిన్) మీదే ఉంటాయి. నన్నడిగితే మొదటి ఖర్చు డ్రయ్యర్ ఎలివేటర్ (వడ్లను బకెట్లతో పైకి ఎత్తే బెల్టు) మీద పెట్టాలి. బెల్టు జాయింట్లు, బకెట్ల బోల్టులు, బ్లోయర్ బేరింగ్‌లు ఇప్పుడే చూడండి. ఒక స్పేర్ మోటారు కూడా దగ్గర పెట్టుకోండి.

బాయిలర్ తనిఖీ ఏటా తప్పదు. దాన్ని చల్లార్చి, నీళ్లు దించి, విప్పి చూపించాలి. సర్టిఫికెట్ గడువు సీజన్ మధ్యలో పడేలా ఉంటే ఆ పని ముందే చేయించుకోండి. నీటి మట్టం చూపే గేజ్ గ్లాస్, నీళ్లు ఎక్కించే ఫీడ్ పంపు సరిగా ఉన్నాయా చూడండి. ఎంత టెన్షన్ ఉన్నా సేఫ్టీ వాల్వు బిగించి ప్రెషర్ పెంచొద్దు.

రబ్బర్ రోలర్ల లెక్క రోజుల్లో కాదు, ఆడించిన క్వింటాళ్లలో రాయండి. వేగంగా తిరిగే రోలరు ముందు అరుగుతుంది, మధ్యలో రెండింటినీ అటూ ఇటూ మారిస్తే సమంగా అరుగుతాయి. సన్నాల నుంచి దొడ్డు వడ్లకు మారేటప్పుడు ఎలాగూ మిల్లు ఆపి జల్లెడలు, రోలర్ల గ్యాప్ మార్చాలి. గ్రీజు, బెల్టుల బిగింపు ఆ సమయానికే పెట్టుకోండి. సన్నాలన్నీ ఒక వరుసలో, దొడ్డువి ఒక వరుసలో ఆడిస్తే ఆపడాలు తగ్గుతాయి. అరిగిన రోలర్లతోనే లాగితే నూక పెరుగుతుంది. సీఎంఆర్ (సర్కారు వడ్లు ఆడించి బియ్యం తిరిగి ఇవ్వడం) కింద క్వింటాల్ వడ్లకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ఇవ్వాల్సిందే. నూక పరిమితి దాటిన లాటు వెనక్కి వస్తుంది.

బీహార్ హమాలీలు దీపావళికి, ఛఠ్ పూజకు ఊళ్లకు పోతారు. అది సరిగ్గా వడ్లు దిగే కాలం. వాళ్ల తేదీలు ఇప్పుడే అడిగి, ఆడించే వైపు పెద్ద మరమ్మతు పనులు ఆ రోజులకు రాసుకోండి. ఉన్న మనుషుల్ని డ్రయ్యర్ వైపు ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం మనిషి. ఎలివేటర్ గుంతలో వడ్లు ఇరుక్కుంటే, మెషిన్ తిరుగుతుండగానే చెయ్యి పెట్టే అలవాటు మాన్పించండి. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, స్విచ్ బాక్సుకు తాళం వేయాలి. ఆ తాళంచెవి లోపలికి దిగిన మనిషి జేబులోనే ఉండాలి. వడ్ల బిన్‌లోకి ఎవరినీ ఒంటరిగా దింపొద్దు, వడ్లు జారి మనిషిని కప్పేస్తాయి. ఆ పనికి పట్టే గంట బోర్డు మీద ముందే రాసి ఉంటే, ‘ఇంకెంతసేపు’ అని గుమాస్తా పైనుంచి తొందరపెట్టడు.